మజ్జిగకి గ్యాసు సిలిండరు ఎందుకురా?

ముందే చెప్పేస్తున్నా, ఇందులో బీరు ఉంది. ఆ ఊసు గిట్టనివాళ్ళు మధ్యలో రెండు మూడు పేరాలు దాటేసి చదువుకోవచ్చు, నేనేమీ అనుకోను. నిజానికి ఇందులో బీరు కంటే వడ్రంగం ఎక్కువ, వడ్రంగం కంటే మా నాన్న ఎక్కువ.

మాది బెజవాడ. బెంజ్ సర్కిల్ నుంచి ఆటోనగర్ వైపు వెళ్తుంటే వచ్చే పటమటలో ఇల్లు. నాన్న ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వడ్రంగి మేస్త్రీ. ఇంజనూ చాసిస్సూ మాత్రమే ఉన్న లారీని తీసుకొచ్చి నిలబెడితే, క్యాబినూ వెనక తొట్టీ అన్నీ కట్టి, రంగులేసి, 'హారన్ ప్లీజ్' రాసి పంపడం అక్కడి పని. నేను ఇంటర్ చదివే రోజుల్లో సాయంత్రం షెడ్డుకి క్యారియర్ పట్టుకెళ్ళేవాణ్ణి. రంపపు పొట్టులో కూర్చుని లెక్కలు చేసుకున్న రోజులున్నాయి. ఆ లెక్కల పుణ్యమే ఇంజనీరింగు, ఆ తర్వాత అందరిలాగే హెచ్ వన్నూ, ఆరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరో. ఇంటెల్ వాళ్ళ క్యాంపస్సులున్న ఊరు కాబట్టి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, కనీసం ఏడాదిలో సగం రోజులు ముసురు పట్టే ఊరని వినే ఉంటారు.

ఆ ముసురే నన్ను బీరులోకి దింపింది. సాయంత్రం నాలుగున్నరకి చీకటి పడే చోట మనిషికి ఇంట్లో చేసుకునే పని ఏదో ఒకటి కావాలి. మా టీమ్‌లో ఇద్దరు ఇంట్లో బీరు కాచేవాళ్ళు. ఒక శనివారం వాళ్ళతో పాటు పోర్ట్‌లాండ్లో 1918 నుంచీ నడుస్తున్న స్టైన్‌బార్ట్ కొట్టుకి వెళ్ళాను. మన కిరాణా కొట్లో పప్పులూ ధాన్యాలూ అమ్మినట్టే మాల్టు అమ్ముతున్నారక్కడ. వాసన చూస్తే చిన్నప్పుడు అమ్మ రాగులు మొలకెత్తించి, ఆరబెట్టి, వేయించి పట్టించే పిండి గుర్తొచ్చింది. అదీ ఇదీ ఒకటే తతంగం. గింజని మొలకెత్తిస్తే తనలోని పిండిని చక్కెరగా మార్చుకునే సరంజామా తనే తయారుచేసుకుంటుంది. ఆ మాల్టుని 65 డిగ్రీల పైన వేడినీళ్ళలో గంటసేపు నానబెట్టి, తీపినీళ్ళు వడకట్టి, హాప్స్ అనే చేదు పువ్వులేసి మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపి ఓ రెండు వారాలు చీకట్లో వదిలేస్తే బీరు. అంతే. ఇడ్లీ పిండి పులియబెట్టడం చేతనైన ఇంట్లో ఇదేం బ్రహ్మవిద్య కాదు.

మరి ఇది నేరం కాదా అంటారేమో. మన దగ్గరైతే నేరమే. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచెయ్యకూడదు. అది బెల్లం ఊటైనా ఒకటే, దిగుమతి చేసుకున్న మాల్టుతో కాచిన బీరైనా ఒకటే. అమెరికాలో కూడా చాలాకాలం నేరమే. అక్కడి మద్యనిషేధం 1933లో పోయింది గానీ, ఇంట్లో వైను చేసుకోడానికి దొరికిన వెసులుబాటు బీరుకి దొరకలేదు. 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టేదాకా అలాగే ఉండిపోయింది. అప్పట్నించీ ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఏడాదికి రెండొందల గాలన్లు కాచుకోవచ్చు, అమ్మకూడదు. ఆరెగాన్లో ఇంకో తిరకాసు వచ్చింది. 2010లో అక్కడి చట్టాన్ని లాయర్లు మళ్ళీ చదివి, ఇంట్లో కాచిన బీరు ఇంట్లోనే తాగాలి, గడప దాటించకూడదని తేల్చారు. ఆ ఏడాది రాష్ట్ర జాతరలో హోమ్‌బ్రూ పోటీ కూడా రద్దయిపోయింది. 2011లో చట్టం సవరించి గడప దాటనిచ్చారు.

గడప దాటొచ్చు అన్న తర్వాతే నాకు పెట్టె మీద మోజు పుట్టింది.

పెట్టె అంటే... వాళ్ళు జాకీ బాక్సు అంటారు. నేను బీరు సీసాల్లో కాకుండా పీపాల్లో నింపేవాణ్ణి. పందొమ్మిది లీటర్లు పట్టే స్టీలు పీపాలు, ఒకప్పుడు కూల్‌డ్రింకుల కంపెనీలు హోటళ్ళకి పాకం సరఫరా చేసినవి. వాళ్ళు అట్టపెట్టెల్లో సంచులకి మారిపోయాక ఇవన్నీ చవగ్గా హోమ్‌బ్రూ వాళ్ళ చేతికొచ్చాయి. ఇంట్లో అయితే పీపాని ఫ్రిజ్జులో పెట్టి, పక్కన కార్బన్ డయాక్సైడు సిలిండరు తగిలించి పంపు తిప్పుకోవచ్చు. ఎవరింటికో పట్టుకెళ్ళాలంటే ఫ్రిజ్జు మోసుకెళ్ళలేంగా. అందుకని ఐసు పెట్టెలో యాభై అడుగుల సన్నటి స్టీలు గొట్టాన్ని చుట్టలా చుట్టి పెడతారు. ఒక కొస బయట ఉన్న పీపాకి, ఇంకో కొస పెట్టె ముందు చెక్కకి బిగించిన పంపుకి. పెట్టెలో ఐసూ నీళ్ళూ నింపుతారు. వేడిగా ఉన్న బీరు ఒక చివర దూరి, గొట్టమంతా తిరిగొచ్చేసరికి చల్లబడి గ్లాసులో పడుతుంది. అంత పొడుగు గొట్టంలో తోయాలి కాబట్టి గ్యాసు ఒత్తిడి ఎక్కువ పెట్టాలి. ఫ్రిజ్జులో పన్నెండు సరిపోయేది ఇక్కడ ముప్పై కావాలి. తక్కువ పెడితే గొట్టంలోనే నురగ కట్టి, గ్లాసులో సబ్బునీళ్ళలా వస్తుంది.

ఐసు విషయంలో ఒక లెక్క చెప్తాను, తర్వాత పనికొస్తుంది. కిలో ఐసు కరగడానికి దాదాపు 334 కిలోజౌళ్ళు మింగుతుంది. పందొమ్మిది లీటర్ల బీరుని 30 డిగ్రీల నుంచి 4కి దించాలంటే రెండువేల కిలోజౌళ్ళ పైచిలుకు. అంటే ఆరు కిలోల ఐసు చాలు. పెట్టె సరిగ్గా ఉంటే! పెట్టె సందుల్లోంచి వేడి దూరుతుంటే పన్నెండు కిలోలు పోసినా చాలదు.

అందరూ ప్లాస్టిక్ కూలర్‌కి బెజ్జం వేసి పని కానిచ్చేస్తారు. నాకు చెక్కది కావాలనిపించింది, వడ్రంగి కొడుకుని కదా అని పొగరు. దేవదారు లాంటి సీడర్ చెక్కలు కొనుక్కొచ్చి గరాజ్‌లో మొదలెట్టాను. మూలల దగ్గర పళ్ళు పళ్ళుగా కోసి ఒకదాంట్లో ఒకటి దిగేసే అతుకు పెడదామని చూస్తే, మూడు వారాంతాల్లో నాలుగు పలకలు పాడుచేశాను. కోడ్ అయితే వెనక్కి తిప్పుకోవచ్చు. కోసిన చెక్కకి ఆ సౌకర్యం లేదు.

సరిగ్గా అప్పుడే, 2012 వేసవిలో, అమ్మా నాన్నా వచ్చారు.

మా ఇంట్లో మందు అన్న మాటే నిషిద్ధం. దానికి కారణం మా పెదనాన్న. ఆయనా ఆటోనగర్లోనే పని చేసేవాడు. నాన్నకి ఉలి పట్టడం నేర్పింది ఆయనే. ఆ రోజుల్లో సారా పాకెట్లలో వచ్చేది. కూలి డబ్బులు చేతిలో పడ్డ చోటికీ పాకెట్లు అమ్మే చోటికీ మధ్య పదడుగులు కూడా ఉండేవి కాదు. 1991లో కడుపులో నీరు చేరి పోయాడు. తర్వాత ఏడాదే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్లు మూయించడం, అది రాష్ట్రమంతా పాకడం, 1993 అక్టోబరులో సారా నిషేధం. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం చేసి సంపూర్ణ మద్యనిషేధం మీద తొలి సంతకం పెట్టినప్పుడు మా పెద్దమ్మ టీవీ ముందు కూర్చుని ఏడ్చింది. సంతోషమో, 'మూడేళ్ళు ముందు పెట్టి ఉంటే' అన్న దుఃఖమో అప్పుడు నాకు తెలీలేదు. ఆ నిషేధం 1997 దాకానే ఉంది. మా ఇంట్లో నిషేధం మాత్రం ఎత్తెయ్యలేదు.

కాబట్టి వాళ్ళొచ్చే ముందురోజు పీపాలూ, పులుస్తున్న బక్కెట్టూ గరాజ్ వెనక అల్మారాలో పెట్టి తలుపేశాను. మా ఆవిడ అంటూనే ఉంది, "మావయ్య గారికి చెప్పేసెయ్యండి, దాస్తే ఇంకా బాగోదు" అని. నేను వినలేదు. ముప్పై ఆరేళ్ళొచ్చి, ఇద్దరు పిల్లల తండ్రినై, ఇల్లు కొని, పదిమంది పనిచేసే టీమ్‌కి లీడునై, నాన్న ముందు ఇంటర్ కుర్రాడిలా అయిపోయాను.

నాన్నకి అమెరికా మూడో రోజుకే విసుగొచ్చింది. నాలుగో రోజు గరాజ్‌లోకి వచ్చి నా పలకలు చూశాడు. ఏమీ అనలేదు. పాడైన పలక ఒకటి తీసి, వెలుతుర్లో పెట్టి, వేలితో పళ్ళు తడిమి, "ఏంట్రా ఇది?" అన్నాడు.

"డ్రింకులు చల్లగా ఉంచే పెట్టె నాన్నా. పార్టీలకి."

"డ్రింకులంటే?"

"అదే... కూల్‌డ్రింకులు, మజ్జిగ, అలాంటివి."

అంతే, మజ్జిగ అనేసరికి ఆయనకి హుషారొచ్చింది. సూట్‌కేసులో గోంగూర పచ్చడి సీసాల మధ్య పాతగుడ్డలో చుట్టి తెచ్చిన ఉలి బయటికి తీశాడు. (అమెరికాకి ఉలి ఎందుకు నాన్నా అంటే, "ఏమో, అక్కడ తలుపులు ఎట్టా ఉంటాయో" అన్నాడు.) మూలమట్టం, రంపం ఊళ్ళో కొన్నాం. సీడర్ చెక్కని చూసి పెదవి విరిచాడు, "వాసన బానే ఉంది గానీ మెత్తన. గోరు దిగుతోంది" అని. కానీ పట్టుకున్నాక వదల్లేదు. యంత్రం రంపం ముట్టుకోలేదు. పెన్సిలుతో గీతలు గీసుకుని, చేత్తో కోసి, ఉలితో చెక్కి, రెండ్రోజుల్లో నాలుగు మూలలూ కలిపాడు. సందులో కాగితం దూరదు.

ఆయన అడిగే ప్రశ్నలకి మాత్రం నాకు చెమటలు పట్టేవి. ఇంత సన్న గొట్టంలో మజ్జిగ ఎట్టా దిగుద్ది? యాభై అడుగుల మధ్యలో కరివేపాకు రెబ్బ ఇరుక్కుంటే ఎట్టా తీస్తావ్? మనం ఆఫీసులో ఎంత పెద్ద డిజైన్ రివ్యూ పెట్టుకున్నా ఇలాంటి ప్రశ్న ఎవడూ అడగడు. అమ్మ కూడా ఒక రివ్యూ ఇచ్చింది. మొదట్లో నేను చవగ్గా వస్తుందని ఏసీలకి వాడే రాగి గొట్టం తెచ్చి పెట్టుకున్నా. అది చూసి, "రాగిలో పులుపు పొయ్యకూడదురా, కిలుం పడుద్ది. ఇత్తడి గిన్నెకైనా కళాయి పెట్టించందే చారు కాస్తామా?" అంది. బీరు కూడా పులుపే, పైగా గ్యాసు కలిసిన పులుపు. రాగిలో నిలవుంటే రాగి అందులోకి దిగుతుంది. ఇదే ముక్క హోమ్‌బ్రూ పుస్తకాల్లో నాలుగు పేజీలు రాశారు. మర్నాడు స్టీలు చుట్ట కొన్నాను.

ఆరో రోజు సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నాన్న గరాజ్‌లో ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. పెట్టె బల్ల మీద ఉంది. అల్మారా తలుపు తీసి ఉంది.

"మజ్జిగకి గ్యాసు సిలిండరు ఎందుకురా?"

నేనేం మాట్లాడలేదు.

"మొదటి రోజే వాసనొచ్చింది. ఊట వాసన నాకు తెలీదనుకున్నావా? రాత్రిళ్ళు ఆ బక్కెట్టు గుడగుడమంటంటే మీ అమ్మ పైపు లీకనుకుంది. నేను కాదని చెప్పలా."

తర్వాత ఆయన అరిచాడా అంటే, లేదు. అరిస్తే బాగుండేది. ఉలి నా చేతిలో పెట్టాడు. "ఇది మీ పెదనాన్నది. ఆఖర్లో పనిముట్లన్నీ ఒక్కోటీ అమ్ముకున్నాడు. బాడిస పోయింది, చిత్రిక పోయింది. ఇది పాత ఇనప సామాన్ల కొట్లో కనపడితే ఆరు రూపాయలిచ్చి నేను తెచ్చుకున్నా. అన్న ఉలి నేను కొనుక్కున్నా" అన్నాడు. ఆ ఉలితో రెండ్రోజులుగా ఆయన చేత నేను చేయిస్తున్నది ఏమిటో అప్పుడు వెలిగింది నాకు.

అది సారా కాదు నాన్నా, ఇందులో ఐదు శాతమే, ఇక్కడ ఇది చట్టబద్ధం, నేనే శుభ్రంగా కాచుకుంటా, ఏం కలుస్తుందో నాకు తెలుసు... ఇలా ఏదేదో చెప్పాను. ఆయన అంతా విని ఒక్క మాట అడిగాడు.

"రోజుకెంత తాగుతున్నావ్?"

"ఒకటి. ఎప్పుడైనా రెండు."

"సీసాలేయి?"

"సీసాలుండవు నాన్నా, పీపాలోంచి గ్లాసులోకి పట్టుకోడమే."

"అయితే నీకు తెలీదు" అని లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

ఈ మాట దగ్గర నేను కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఇది రాయాలనే ఇదంతా మొదలెట్టింది. ఆ రాత్రి నాకు ఒళ్ళు మండింది. తెలీకపోవడమేంటి, ప్రతి పీపాకీ నా దగ్గర స్ప్రెడ్‌షీట్ ఉంది. ఏ రోజు కాచాను, ఎంత సాంద్రత, ఏ ఈస్టు, ఏ రోజు పీపాలో నింపాను, ఏ రోజు ఖాళీ అయింది, అన్నీ ఉన్నాయి. తీసి చూశాను. అంతకు ముందు మూడు పీపాలు. ఒకటి ఇరవై ఆరు రోజుల్లో అయిపోయింది, ఒకటి ఇరవై మూడు, చివరిది పంతొమ్మిది రోజుల్లో. పంతొమ్మిది లీటర్లు, పంతొమ్మిది రోజులు. మా ఆవిడ తాగదు. ఆ పంతొమ్మిది రోజుల్లో స్నేహితులు వచ్చింది ఒక్కసారి. వాళ్ళ వాటా తీసేసినా, వారాంతం పనిదినం తేడా లేకుండా రోజూ మూడింట రెండొంతుల లీటరు పైనే. ఒకటి, ఎప్పుడైనా రెండు అని నేను నాన్నకి చెప్పింది అబద్ధం కాదు, నేను నిజంగా అలాగే అనుకుంటున్నాను! సీసా అయితే ఖాళీది మర్నాడు చెత్తబుట్టలో కనపడి లెక్క చెప్తుంది. పంపు చెప్పదు. సగం గ్లాసు పట్టుకుని, నురగ తగ్గాక కాస్త నింపుకుని, కోడ్ రాస్తూ లేచినప్పుడు ఇంకాస్త. అవన్నీ కలిపి మన బుర్ర 'ఒకటి' అని రాసుకుంటుంది. డేటా అంతా నా దగ్గరే ఉండి కూడా, ఆ రెండు తేదీల మధ్య తీసివేత చెయ్యాలని నాకెప్పుడూ తోచలేదు. తోచలేదా, తోచనివ్వలేదా అంటే... ఏమో.

రెండ్రోజులు నాన్న పెట్టె ముట్టుకోలేదు. వీధుల్లో ఒక్కడే నడిచొచ్చేవాడు. నేను నోరెత్తలేదు, ఆయనా ఎత్తలేదు. మూడో రోజు పొద్దున గరాజ్‌లోంచి ఉలి చప్పుడు వినపడింది. వెళ్ళి చూస్తే పెట్టెకి మూత చేస్తున్నాడు.

"సగంలో వదిలేసిన పని కళ్ళముందు ఉంటే నాకు నిద్ర పట్టదు. అంతే. నువ్వు చేసేది నాకు నచ్చిందని కాదు" అన్నాడు.

నేను వెళ్ళి నా లెక్క చెప్పాను. పంతొమ్మిది రోజులు. ఆయన ఉలి ఆపలేదు. "ఊఁ" అన్నాడు.

పెట్టె పూర్తయింది. లోపల ప్లాస్టిక్ తొట్టి, తొట్టికీ చెక్కకీ మధ్య రెండంగుళాల ఫోము, ముందువైపు పంపు. రెండువైపులా మోసుకెళ్ళడానికి లారీ తొట్టికి తాళ్ళు కట్టే కొక్కేల్లాంటి ఇనప కడియాలు, అది ఆయన సొంత సరదా. ఇవి కాక నేను అడగనిది ఒకటి పెట్టాడు. పంపు పిడికి అడ్డంగా చెక్క గడియ. దానికో చిన్న తాళం. తాళంచెవి ఆయన చొక్కా జేబులో.

సెప్టెంబరు మొదట్లో లేబర్ డే సెలవులకి ఒక స్నేహితుడింటి పెరట్లో అందరం కలిశాం. పన్నెండు కుటుంబాలు. పెట్టెని చూడగానే అందరూ చుట్టూ చేరారు. నాన్నని పొగిడారు. ఆయన పెట్టె పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఐసు చూసుకుంటానని. గ్లాసు పట్టే ప్రతివాడి పేరూ అడిగి మూత మీద సుద్దముక్కతో గీత గీస్తున్నాడు, షెడ్డులో కూలీల హాజరు రాసినట్టు. మొదట అందరూ నవ్వారు. "అంకుల్, నాకెన్ని గీతలు?" అని అడిగి మరీ పట్టుకెళ్ళారు.

ఆరున్నరకి మా వాళ్ళలో ఒకడు వచ్చాడు. నాలుగు గీతలున్నాయి. పిల్లల్ని కారులో ఎక్కించుకుని నలభై నిమిషాలు నడుపుకుంటూ వెళ్ళాలి. నాన్న గడియ వేసి తాళం తిప్పాడు.

"బాబూ, నీ లెక్క అయిపోయింది."

వాడు నవ్వాడు. తర్వాత నవ్వలేదు. నా దగ్గరకొచ్చి, "ఏంట్రా మీ నాన్న, నేను చిన్నపిల్లాణ్ణా?" అన్నాడు గట్టిగానే. అందరూ మాటలాపి చూస్తున్నారు. నాకు తల తీసేసినట్టయింది. నాన్న దగ్గరికెళ్ళి, "పోన్లే నాన్నా, వాళ్ళకి అలవాటే" అన్నాను. ఆయన నా మొహం చూసి, తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. "ఇదిగో, నువ్వు తీసివ్వు మరి."

నేను తియ్యలేదు. వాళ్ళావిడ వచ్చి కారు తాళాలు తీసుకుంది. వాడు నాతో సంక్రాంతి దాకా మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాడు, ఇప్పుడు బానే ఉంటాం, కానీ ఆ సాయంత్రం గురించి మాత్రం ఇద్దరం ఎత్తుకోం. నాన్న చేసింది మర్యాదేనా అని ఇప్పటికీ అప్పుడప్పుడు వాదన పెడుతుంటారు అప్పుడున్నవాళ్ళు. మర్యాద కాదు, ఒప్పుకుంటాను.

నేను బీరు కాచడం మానలేదు. ఏడాదికి నాలుగైదుసార్లు, ఎవరైనా వస్తున్నారంటేనే. సీసాల్లో నింపుతాను. నలభై ఎనిమిది సీసాలు కడగడం మహా విసుగు. ఆ విసుగు కూడా మంచిదే.

ఇక పెట్టె సంగతి. పోయినేడు మే నెలలో బెజవాడ వెళ్ళాను. నాన్న ఆటోనగర్ మానేసి చాలా ఏళ్ళయింది. పొద్దున్నే నడక, మధ్యాహ్నం పడక, వేసవిలో మాత్రం మా వీధివాళ్ళతో కలిసి బెంజ్ సర్కిల్ దగ్గర చలివేంద్రం. ఒకప్పుడు నేను చూసిన బెంజ్ సర్కిల్ కాదిప్పుడు. మద్రాసు-కలకత్తా రోడ్డు లారీలన్నీ పైన ఫ్లైఓవర్ మీంచి పోతుంటాయి, కింద బందరు రోడ్డు ట్రాఫిక్కు, ఆటోలు, ఎండ. రోహిణి కార్తెలో అక్కడ పావుగంట నిలబడితే చెప్పులు తారుకి అంటుకుంటాయి. 2015లో వడదెబ్బకి మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా పోయిన మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాతే మా వీధివాళ్ళు ఇది మొదలెట్టారు.

చలివేంద్రంలో కుండలే పెట్టేవాళ్ళు. కుండ చల్లబడేది పైకి చెమర్చిన తడి ఆరడం వల్ల. మనది సముద్రం దాపు కాబట్టి గాలిలో తేమ ఎక్కువ, కుండ కొంతవరకే పనిచేస్తుంది. పైగా పొద్దున పోసిన నీళ్ళు పదింటికల్లా అయిపోతాయి, మళ్ళీ పోసినవి చల్లబడేలోపే జనం తాగేస్తారు. దాంతో ఎవరో ఐసు ముక్కలు తెచ్చి నీళ్ళలో వేశారు. ఆ ఐసు చేపలకీ రొయ్యలకీ వాడేది. అది ఏ నీళ్ళతో చేస్తారో, ఏ గోనెపట్టాలో ఈడ్చుకొస్తారో చూసినవాళ్ళు తాగరు. పచ్చకామెర్లు వస్తే ఎవరిది పూచీ అని నాన్న వెయ్యనివ్వలేదు. ఫోన్లో నాతో అన్నాడు, "ఒరేయ్, ఆ చుట్ట ఒకటి తీసుకురా" అని.

నాకు తట్టని ముక్క అది. జాకీ బాక్సులో ఐసు తాగేదాన్ని తగలదు. ఐసు ఎంత మురికిదైనా గొట్టం బయటే ఉంటుంది.

స్టీలు చుట్ట సూట్‌కేసులో తీసుకెళ్ళాను. నాన్న ఈసారి గట్టి కలపతో పెద్ద పెట్టె చేశాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి కాబట్టి కోత నాది, గీత ఆయనది. ఫోము బదులు ఊక. వడ్లమర నుంచి రెండు బస్తాలు తెచ్చి, తడవకుండా ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, పలకల మధ్య కూరాం. ఐసు దిమ్మల్ని ఊకలో దాచడం ఐసు ఫ్యాక్టరీలవాళ్ళకి ఎప్పట్నించో తెలిసిందే. గ్యాసు సిలిండరు అక్కర్లేదు, ఇరవై లీటర్ల మంచినీళ్ళ టిన్ను మీటరు ఎత్తున పెడితే దాని బరువుకే నీళ్ళు దిగుతాయి. గ్లాసు నిండటానికి ఏడెనిమిది సెకన్లు. లెక్క వేసి చూశా, 38 డిగ్రీల నీళ్ళు టిన్నుడు 15కి దించడానికి ఆరు కిలోల ఐసు చాలు. మజ్జిగ పోద్దామని ఎవరో అంటే నాన్న నా వైపు చూసి, "కరివేపాకు ఇరుక్కుంటే వీడొచ్చి తీస్తాడు" అన్నాడు. మజ్జిగ విడిగా కుండలోనే పెట్టాం.

మొదటి రోజు ఆటోనగర్ షిఫ్టు వదిలే వేళకి వరస కట్టారు. ఆటోవాళ్ళు, బస్సు దిగినవాళ్ళు, ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్. ఒకాయన మూడు గ్లాసులు తాగి, నాలుగోది నెత్తిన పోసుకున్నాడు. నాన్న పక్కన కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు, చేతిలో సుద్దముక్క లేదు.

"ఈ పెట్టెకి గడియ పెట్టలేదేం నాన్నా?" అన్నాను.

"నీళ్ళకి గడియేంట్రా?" అన్నాడు.

నాలుగో రోజు పొద్దున వెళ్ళేసరికి పంపు లేదు. ఎవరో రాత్రి విప్పుకుపోయారు. హిల్స్‌బరో నుంచి తెచ్చిన స్టీలు పంపు, నలభై డాలర్లు! గవర్నరుపేటలో నూటఎనభై రూపాయల కుళాయి కొని బిగించాం. నాన్న ఇంటికెళ్ళి ఉలి తెచ్చుకుని, అక్కడే ఫ్లైఓవర్ నీడలో కూర్చుని, దానికి గడియ చెక్కడం మొదలెట్టాడు.